మీ నానమ్మ రోకలి

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? పిల్లలు బాగున్నారా? నీకూ మీ అక్కకీ చపాతీ కర్రలు చేయమని నువ్వు పంపిన రోకలి, కర్రను తిప్పి చెక్కే లేత్ మీదకు ఎక్కించి పదిహేను రోజులైంది. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను ఏటికొప్పాకలో నేర్చుకున్నది అంకుడు కర్ర మీద. అది మెత్తన. ఉలి ఆనిస్తే చాలు, పొట్టు రిబ్బన్‌లా ఊడి వస్తుంది. ఇది సండ్ర, అందులోనూ అరవై ఏళ్లు ఎండిన చేవ. మొదట అసలు పట్టే దొరకలేదు. లేత్ పళ్లు కర్ర కొసలో దిగక, కర్ర ఆగిపోయి పళ్లు మాత్రం తిరిగేవి. చివరికి కొసన రంపంతో అడ్డంగా రెండు గాట్లు కోసి, వాటిలో పళ్లు కూర్చోబెట్టాను.

ఇక గోరుళి, అదే గోరులా వంపున్న ఉలి సంగతి చెప్పనా? నాలుగు నిమిషాలకోసారి సాన పట్టాల్సిందే. మొద్దుబారిందని తెలిసేది కూడా చూపుతో కాదు, చప్పుడుతో. పదునున్నంతసేపు సన్నగా ఈల వేస్తుంది, పోగానే కీచుమంటుంది. అప్పుడు బలంతో నొక్కితే ఉలి కర్రలో ఇరుక్కుని ఎగురుతుంది. ఒకసారి ఎగిరింది కూడా. దెబ్బ తగల్లేదులే, కంగారు పడకు. అప్పటినుంచి అతి పలచగా, వెంట్రుకవాసి చొప్పున తీస్తున్నాను. దాని నార ఒకచోట ఇటు, ఇంకోచోట అటు మెలి తిరిగి ఉంది. ఎటు నుంచి వచ్చినా ఏదో ఒకచోట ఎదురే.

మొదటి చపాతీ కర్ర పాడైపోయిందిరా. తొందరపడి గరుకు కాగితం గట్టిగా అదిమాను. ఆ వేడికి సన్నటి పగుళ్లు వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మీ నానమ్మ వస్తువు కదా. రెండోదానికి కాగితం తేలిగ్గా ఆనించి, మధ్యమధ్యలో చల్లారనిచ్చాను. ఆఖర్న దాని పొట్టే గుప్పెడు తీసి, తిరుగుతుండగా అద్దాను. ముదురు ఎరుపులో ఎంత మెరుపొచ్చిందో! లక్క అక్కర్లేదు. రోకలి కొసన పొన్ను, అదే ఇనుప కట్టు ఉన్న చోట ఇనుము మరక నల్లగా లోపలికంటా దిగింది. దాన్ని అలాగే వదిలేశాను, బాగుంది.

అది మీ అక్కకి. ఇప్పుడు నీది మిగిలింది. రోకలి నడుమ, మీ నానమ్మ పట్టుకునే చోట, అరిగి సన్నగా పల్లం పడింది చూశావా? గుండ్రంగా సమంగా రావాలంటే ఆ పల్లం పోయేదాకా చెక్కాలి. నాకు చేతులు రావడం లేదు. నీకిష్టమైతే దాన్ని ముట్టుకోకుండా, ఆ ముక్కతో పప్పుగుత్తికి పిడి చేస్తాను. ఆలోచించి చెప్పు. అంతవరకు లేత్ ఆపి ఉంచుతాను.

నీ
శీను