మొండికేసిన నా స్ప్లెండర్ బండిని స్టార్ట్ చేసిచ్చిన ఆర్టీసీ పెద్దాయనకు, రాంనగర్ వాళ్ళకు కృతజ్ఞతలు

అనంతపురం రాంనగర్‌లో మా వీధి చివర ఉండే ఆర్టీసీ పెద్దాయనకు అందరి ముందూ దండం పెట్టుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేరు మాత్రం వేయొద్దన్నారు. "పేరు రాస్తే రేపట్నుంచి బళ్ళన్నీ మా ఇంటి ముందే నిలబెడతారు" అని ఆయన భయం. అందుకే పెద్దాయన అనే రాస్తాను. మా వీధి వాళ్ళకు ఎవరో ఎట్లాగూ తెలుసు.

నాది డ్రిప్ పైపులు బిగించే పని. నార్పల, శింగనమల వైపు చీనీ (బత్తాయి) తోటలకు పోతుంటాను. బండి లేకుంటే ఆ రోజు పని లేనట్టే. అది పాత హీరో హోండా స్ప్లెండర్. ఆ రెండు కంపెనీలు విడిపోకముందు కొన్నది, కార్బురేటర్ బండి. మొన్న సర్వీసుకు ఇస్తే ఆయిల్ మార్చి, కార్బురేటర్ క్లీన్ చేసి, టాపెట్లు (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండే సన్నటి సందు) సెట్ చేసి ఇచ్చారు. సాయంత్రం ఇంటికి బాగానే వచ్చింది. టాపెట్ల టకటక కూడా పోయింది, సంతోషపడ్డాను. తెల్లారి కిక్కు కొడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బండి లేవకపోతే వీధిలో సలహాలకు కరువుండదు కదా. చోక్ లాగమని ఒకరు, పెట్రోల్లో నీళ్ళు కలిశాయని ఇంకొకరు, బ్యాటరీ పోయిందని మరొకరు. రూముల్లో ఉండి చదువుకునే తమ్ముళ్ళు మాత్రం సలహా ఇవ్వకుండా సెకండ్ గేరులో వేయించి వీధి ఆ చివరి దాకా తోశారు. లేవలేదు గానీ ఆ చెమటకు రుణపడ్డాను. టీ అంగడి అన్న వాళ్ళందరికీ టీలు పోసి నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. తోటలో పైపుల కోసం చూస్తున్న నార్పల రైతు ఫోన్ చేసి, "టెన్షన్ పడొద్దు, రేపు రాప్పా" అన్నాడు. వీళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

పెద్దాయన అప్పుడు వచ్చారు. ఏ పానాకూ చెయ్యి పెట్టకముందు ఒక్కటే అడిగారు: "నిన్న దీనికి ఏమేం ఇప్పినారు?" చెప్పాను. "నిన్నటి దాకా నడిచిన బండి సర్వీసు నుంచి రాగానే నిలబడిందంటే, చెయ్యి పడిన చోటే చూడాల. ఊరంతా ఎతకొద్దు." తర్వాత స్విచ్ ఆఫ్ చేసి, కిక్కు రాడ్‌ను కాలితో కాదు, అరచేత్తో మెల్లగా నొక్కారు. అది ఏ అడ్డూ లేకుండా కిందికి దిగిపోయింది. "దీంట్లో ఊపిరి లేదప్పా" అన్నారు.

అందరం పెట్రోలూ ప్లగ్గూ అంటుంటే ఈయన ముందే అక్కడికి ఎట్లా పోయారని తర్వాత అడిగాను. ఆయన సర్వీసంతా బస్ డిపో గ్యారేజీలోనే. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే బండి లేవలేదంటే డీజిల్ మెకానిక్ మనసు ముందు కంప్రెషన్ మీదికి, అంటే ఆ గాలి నొక్కుడు మీదికి పోతుందట. పెట్రోల్ బండికైనా పెట్రోలు, స్పార్క్, కంప్రెషన్ మూడూ కావాలి. మూడోదాన్ని మనం లెక్కలోకే తీసుకోం.

అట్లని మిగతా రెండూ వదల్లేదు. కార్బురేటర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా వచ్చింది. ప్లగ్గు తీస్తే తడిసి ముద్దయి ఉంది, అంటే పెట్రోలు లోపలికి పోతోంది, మండటం లేదు. ప్లగ్గును తుడిచి, క్యాప్‌కు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి కిక్కు కొట్టించారు. నీలంగా స్పార్క్ పడింది. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి చూడాలని గట్టిగా చెప్పారు. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దగ్గర పెడితే మంట అంటుకుంటుంది. నాలాగే ఇంట్లో ప్లగ్గు చూసుకునే వాళ్ళు ఇది గుర్తుంచుకోండి. బ్యాటరీ సంగతి ఆయన నవ్వుతూ తేల్చేశారు. ఈ పాత మోడల్‌లో స్పార్క్‌కు కరెంటు ఇంజన్‌తో పాటు తిరిగే మ్యాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీ పీకేసినా కిక్కుకు లేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన బీఎస్6 పొగ నిబంధనలతో వచ్చిన, కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బళ్ళు అట్లా కాదు, పెట్రోల్ పంపుకే బ్యాటరీ కావాలి.

ఇక అసలు సంగతి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టి నన్ను కిక్కు కొట్టమన్నారు. కంప్రెషన్ బాగుంటే గాలి వేలిని తోసేయాలి. తోయలేదు. రంధ్రంలో కొన్ని చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి మళ్ళీ చూశారు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్‌కు కంప్రెషన్ కాసేపైనా పెరుగుతుందట. ఏమీ మారలేదు. "అయితే వాల్వులే. టాపెట్లు టైట్ చేసి పెట్టినారు" అన్నారు.

ఇంటి నుంచి పాత రేకు పెట్టె తెప్పించారు. అందులో గుడ్డలో చుట్టిన ఫీలర్ గేజ్, అంటే సన్నటి సందులు కొలిచే పల్చటి ఇనుప ఆకుల కట్ట. టాపెట్ మూతలు తీసి, మ్యాగ్నెట్‌ను పానాతో తిప్పుతూ ఇంజన్ పక్కనున్న చిన్న కిటికీలో, పిస్టన్ పైకి వచ్చిందని చెప్పే 'టీ' గుర్తును గీతకు తెచ్చారు. ఆ గుర్తు ఇంజన్ ఒక్కో చుట్టుకు ఒకసారి వస్తుంది, కానీ వాల్వులు రెండూ మూసుకుని ఉండేది రెండు చుట్లకు ఒకసారే. కాబట్టి గుర్తు చూసి ఆగకుండా వాల్వులను నొక్కే రాకర్లు రెంటినీ వేళ్ళతో కదిపి చూడాలి. రెండూ కాస్త ఆడితే సరే, లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. మాది రెండో చుట్టులో కూడా ఆడలేదు. గేజ్‌లో అన్నిటికంటే పల్చటి ఆకు కూడా దూరలేదు.

అక్కడ ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కానీ అదీ లేకపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు, గాలి లీకవుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయాలి. నా బండికి వేడి మీదే చేసి ఉంటారని, అందుకే సాయంత్రం ఎట్లనో నడిచి తెల్లారి మొండికేసిందని ఆయన అంచనా. "నయం, లేవకపోయింది. ఇట్లనే నార్పలకు తిప్పింటే వాల్వు కాలిపోయేది" అన్నారు. వాల్వు తాను మూసుకునే అంచు మీద సరిగ్గా కూర్చుంటేనే దాని వేడి బయటికి పోతుందట. కాబట్టి టాపెట్ చప్పుడు బొత్తిగా లేదంటే సంతోషపడకండి. కాస్త టిక్‌టిక్ ఉండటమే ఇంజన్‌కు ఆరోగ్యం.

లాక్ నట్ వదులు చేసి, గేజ్ ఆకు కొద్దిగా పట్టుకుని జారేలా స్క్రూ తిప్పి, నట్ బిగించాక మళ్ళీ కొలిచారు. బిగించేటప్పుడే స్క్రూ తిరిగిపోతుంది కాబట్టి ఈ రెండోసారి కొలవడం ముఖ్యం. చోక్ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, లోపల నిండిన పెట్రోలు పోయేదాకా కిక్కు కొట్టించారు. తర్వాత ప్లగ్గు ఆరబెట్టి పెడితే లేచింది. తమ్ముళ్ళు ఈల వేశారు.

డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డారు. సర్వీసు చేసిన షాపు ఏదని చాలామంది అడుగుతున్నారు, చెప్పను. పెద్దాయన మాట మీద నేనే పోయి అక్కడి కుర్రవాడికి జరిగింది చెప్పాను. విన్నాడు, ఫీలర్ గేజ్ కొంటానన్నాడు. ఇన్నాళ్ళూ చేతి అంచనా మీదే చేస్తున్నాడట. బండి సర్వీసుకు ఇచ్చేటప్పుడు గేజ్ ఉందా అని అడగడంలో తప్పు లేదు.

నార్పల రైతు సంచి నిండా చీనీ కాయలు పంపితే పెద్దాయన ఇంట్లో ఇచ్చి వచ్చాను. వాటిని మాత్రం కాదనలేదు. ఇంకో మాట, ఆ రోజు ఇంజన్ కిటికీలోకి టార్చ్ పట్టిన తమ్ముడిది ఆ టార్చ్ నా దగ్గరే ఉండిపోయింది. టీ అంగడిలో ఇచ్చి పెడతాను, తీసుకోప్పా.