డాట్ రికార్డర్‌ను కొలవకుండానే ‘టెస్ట్ ఓకే’ అని ఎలా రాశారు?

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: డాట్ రికార్డర్ సర్వీస్‌లో లోపం, టేప్‌ను సరైన దారిలో నడిపే గైడ్ల అమరిక చెడగొట్టడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

గత నెల మీ సెంటర్‌లో సర్వీస్‌కి ఇచ్చిన నా డాట్ (డిజిటల్ ఆడియో టేప్) రికార్డర్, ఇచ్చినప్పటి కన్నా పాడై తిరిగొచ్చింది. బిల్లులో మాత్రం ‘హెడ్ క్లీనింగ్, జనరల్ సర్వీస్, టెస్ట్ ఓకే’ అని ఉంది. ఏ టెస్ట్ చేశారో, రీడింగ్ ఎంత వచ్చిందో ఒక్క అంకె కూడా లేదు.

మెషీన్ ఇచ్చినప్పుడు లక్షణాలన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. రివైండ్ మధ్యలో నెమ్మదిస్తోంది. క్యాసెట్ మొదట్లో టిక్కుటిక్కుమని శబ్దం వస్తోంది. కౌంటర్‌లో టైమ్ అప్పుడప్పుడు మాయమవుతోంది. ఎప్పుడూ శుభ్రంగా ప్లే అయ్యే టేప్ పెట్టినా టెస్ట్ మోడ్‌లో ఎర్రర్ రేట్ (టేప్ చదవడంలో వచ్చే తప్పుల లెక్క) పెరుగుతూ పోతోంది. పించ్ రోలర్ (టేప్‌ను నొక్కిపట్టి నడిపే రబ్బరు చక్రం) మార్చమని కూడా అందులోనే రాశాను. తిరిగొచ్చాక మూత తీసి చూస్తే అదే పాత రోలర్, గట్టిపడి నున్నగా మెరుస్తూ ఉంది. పనికిరాని టేప్ ఒకటి పెట్టి చూశాను, దాని అంచు నలిగిపోయింది. నేరుగా అసలు టేప్ పెట్టి ఉంటే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేకపోయేవారు.

ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్ గారు, “సౌండ్ వస్తోంది కదా సార్. డిజిటల్ అంటే వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు” అన్నారు. నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టింది ఈ మాటే. మామూలు క్యాసెట్ ప్లేయర్‌లో హెడ్ అరిగితే ధ్వని మందగిస్తుంది, చెవికి వెంటనే తెలుస్తుంది. డాట్‌లో అలా తెలియదు. హెడ్ సరిగ్గా చదవలేకపోయిన డేటాను ఎర్రర్ కరెక్షన్ తిరిగి నిర్మిస్తుంది. అది కూడా కుదరకపోతే అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను (ధ్వనిని కొలిచి రాసిన అంకెలను) బట్టి మధ్య విలువను అంచనా వేస్తుంది. ఒక చానెల్‌లోని సరి సంఖ్య శాంపిళ్లు టేప్ మీది ఒక ట్రాక్‌లో (డేటా రాసిన సన్నని గీతలో), బేసి సంఖ్యవి పక్క ట్రాక్‌లో ఉండేలా డాట్‌ను రూపొందించారు. ఆ రెండు ట్రాకులను రెండు హెడ్లు చదువుతాయి. అందువల్ల ఒక హెడ్ పూర్తిగా మూసుకుపోయినా పాట వినిపిస్తూనే ఉండొచ్చు. వినిపించేదాంట్లో సగం మాత్రం మెషీన్ ఊహించినది. శబ్దం తెగిపోయి మ్యూట్ అయ్యేసరికి అరుగుదల చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి చెవితో విని ‘ఓకే’ అనడం డాట్ విషయంలో పరీక్ష కిందికి రాదు. ఎర్రర్ రేట్ చూడాలి, సర్వీస్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఒకే టేప్‌తో.

రెండో విషయం ఇంకా తీవ్రమైనది. హెడ్లు బిగించిన, తిరిగే డ్రమ్ మీదికి టేప్ ఎక్కేచోట, దిగేచోట ఉన్న గైడ్ల స్క్రూల మీద ఫ్యాక్టరీలో వేసిన సీలు రంగు పగిలి ఉంది. మీకు ఇచ్చే ముందు తీసిన ఫోటోల్లో ఆ రంగు చెక్కుచెదరలేదు. అంటే వాటిని మీ దగ్గరే తిప్పారు. డాట్‌లో ఒక్కో ట్రాక్ వెడల్పు సుమారు 13.6 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. 30 మిల్లీమీటర్ల డ్రమ్ నిమిషానికి 2000 సార్లు తిరుగుతూ ఆ గీతల్ని చదవాలి. అలైన్‌మెంట్ టేప్ (అమరిక సరిచూసే ప్రామాణిక టేప్) పెట్టి, సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్‌లో హెడ్ సిగ్నల్ మొదటి నుంచి చివరి దాకా సమతలంగా ఉందో లేదో చూస్తూ తిప్పాల్సిన స్క్రూలు అవి. ఆ టేప్, ఆసిలోస్కోప్ మీ దగ్గర ఉన్నాయా అని అడిగితే జవాబు రాలేదు. ఇదే మెషీన్‌లో గతంలో నేను రికార్డు చేసిన టేపులు కూడా ఇప్పుడు ఇందులోనే ఎర్రర్లు చూపిస్తున్నాయి. ఈ స్థితిలో కొత్తగా రికార్డు చేస్తే ఆ టేప్ ఇందులో ఆడొచ్చు, వేరే మెషీన్‌లో ఆడకపోవచ్చు.

“డ్రమ్ తిరిగిన గంటలు తక్కువే ఉన్నాయి, ఇంకా సర్వీస్ అవసరం రాలేదు” అని కూడా చెప్పారు. గంటల మీటర్ హెడ్ ఎంత తిరిగిందో చెబుతుంది, అంతే. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, గ్రీజు ఎండిపోతుంది. సోనీ తన చివరి డాట్ రికార్డర్లను ఆపేసింది 2005లో. ఇప్పుడు మనం వాడుతున్న మెషీన్లు దాదాపు అన్నీ అంత పాతవే.

నా దగ్గరున్న టేపుల్లో 1990ల్లో నిమ్మలకుంట వైపు తోలుబొమ్మలాట కళాకారుల దగ్గర రికార్డు చేసిన పాటలున్నాయి. పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. వేరే కాపీ ఎక్కడా లేదు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికే ఈ సర్వీస్ చేయించాను.

కాబట్టి నేను కోరేది ఇది. సర్వీస్ చార్జీ మొత్తం తిరిగి ఇవ్వండి. గైడ్లను సరైన పరికరాలున్న చోట మీ ఖర్చుతో అమర్పించి, పించ్ రోలర్ మార్పించి, ముందూ తర్వాతా ఎర్రర్ రేట్ రీడింగులను రాతపూర్వకంగా ఇవ్వండి. తీసేసిన పాత భాగాలు నాకు అప్పగించండి. ఆ పరికరాలు మీ దగ్గర లేకపోతే ఆ మాట సూటిగా రాసి ఇవ్వండి, ఇకపై డాట్ మెషీన్లు తీసుకోవడం ఆపండి. నాలాగే ఒక్క కాపీ టేపులు పట్టుకుని మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: బిల్లు నకలు, గైడ్ స్క్రూల ఫోటోలు (ముందు, తర్వాత), ఎర్రర్ రేట్ రీడింగులు, నలిగిన టేప్ ఫోటో.