బ్లడ్‌బోర్న్: నిషిద్ధాక్షరిలాంటి ఆట

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇటీవల మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో వీడియో గేముల మీద వచ్చిన ఒక లేఖ చదివాను. యువత వాటికి బానిస అవుతోందనీ, వాటిలో హింస తప్ప మరేమీ లేదనీ ఆ పాఠకుడు ఆవేదన వెలిబుచ్చారు. పిల్లల గురించిన ఆయన బెంగను నేను గౌరవిస్తాను. ఏడాది కిందటి వరకు నా అభిప్రాయమూ అదే. అయితే అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టడం సరికాదని నాకు ఒక ఆట వల్ల తెలిసివచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

హిందూపురంలో ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ చేశాక బెంగళూరులో మహదేవపుర వైపు మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మనవరాలు గత సెలవుల్లో బ్లడ్‌బోర్న్ ఆడుతుంటే, రాత్రి భోజనాలయ్యాక పక్కన కుర్చీ వేసుకొని చూసేవాణ్ణి. మొదట ఊరికే కూర్చున్నాను. నాలుగో రోజు నుంచి ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నాను.

ఈ ఆటను జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేసింది. 2015 మార్చిలో ప్లేస్టేషన్ 4 అనే ఆటల యంత్రం మీద విడుదలైంది. దర్శకుడు హిదెతాకా మియాజాకి. కథ యార్నమ్ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. రోగికి ఒక ప్రత్యేకమైన నెత్తురు ఎక్కించి జబ్బు నయం చేసే వైద్యానికి ఆ ఊరు పేరుమోసింది. ఆ నెత్తురే ఊరి జనాన్ని మెల్లమెల్లగా మృగాలుగా మారుస్తుంది. ఆ మృగాలను వేటాడే ఒక రాత్రి, పరాయి ఊరి నుంచి వైద్యం కోసం వచ్చిన మనిషిగా మనం అందులో అడుగుపెడతాం. వీధుల్లో కాగడాలు పట్టుకొని తిరిగేవాళ్లు మనల్నే మృగమనుకొని తరుముతారు, తమ చేతుల మీద మొలుస్తున్న బొచ్చు మాత్రం వాళ్ల కంటికి ఆనదు.

యార్నమ్ కట్టడాలను చూసినప్పుడల్లా నాకు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికా గుర్తొచ్చేది. మొనదేలిన కమానులు, రంగుటద్దాల కిటికీలు, ఆకాశంలోకి కోసుగా లేచిన శిఖరం, రెండింటిదీ గోథిక్ శైలే. బసిలికా ముందు నిలబడితే ఆ ఎత్తు మన చూపును, దానితోపాటు మనసును పైకి లాగుతుంది. యార్నమ్‌లో అదే ఎత్తు గోపురం మీద గోపురంగా, మెట్ల మీద మెట్లుగా పేరుకుపోయి మనిషిని పాతాళంలో నిలబెట్టినట్టు చేస్తుంది. భక్తికి పనికొచ్చిన శిల్పమే భయానికీ ఎంత బాగా పనికొస్తుందో నాకు ఈ వయసులో ఒక ఆటలో కనిపించింది.

ఇక కష్టం సంగతి. బ్లడ్‌బోర్న్ పేరు చెప్పగానే ఎవరైనా ముందుగా అనేది అది చాలా కష్టమైన ఆటని. ఆట ఒక వైద్యశాల మంచం మీద మొదలవుతుంది. లేచి కిందికి దిగితే ఒక తోడేలు మృగం ఎదురవుతుంది, మన చేతిలో పుల్ల కూడా ఉండదు. దాదాపు అందరూ అక్కడ చనిపోతారు. చనిపోయాకే వేటగాళ్ల స్వప్నం అనే చోట కళ్లు తెరుస్తాం, ఆయుధం అక్కడే చేతికి వస్తుంది. ఆటలో తేలిక, మధ్యమం, కఠినం అంటూ ఎంచుకునే వీలు లేదు. మధ్యలో ఆపుకునే సదుపాయం కూడా లేదు, మెనూ తెరిచినా శత్రువు ఆగడు. చంపినకొద్దీ పోగయ్యే, ఆటలో డబ్బులా చెల్లే ‘రక్త ప్రతిధ్వనులు’ మనం చనిపోతే అక్కడే రాలిపోతాయి. మళ్లీ అక్కడిదాకా వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో ఇంకోసారి చనిపోతే శాశ్వతంగా పోతాయి.

దీన్ని క్రూరత్వమని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోకపోవడానికి కారణం అవధానం. మా ఊరి అవధాన సభల్లో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడిగా చాలాసార్లు కూర్చున్నాను. అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో పసిగట్టి దాన్ని నిషేధించడం పృచ్ఛకుడి పని. తేలికైన దారిని మూసేయాలి, కానీ అసలు దారే లేకుండా చేయకూడదు. ఆ ఒక్క సందును అవధాని పట్టుకొని, ఎవరూ అనుకోని అక్షరంతో పద్యాన్ని ముందుకు నడిపినప్పుడు సభలో లేచే చప్పట్లలో పృచ్ఛకుడికీ వాటా ఉంటుంది. మియాజాకి ఈ ఆటలో కూర్చున్నది ఆ పృచ్ఛకుడి కుర్చీలోనే అని నా నమ్మకం. దాదాపు ప్రతి శత్రువు దెబ్బకూ ముందు ఒక సూచన ఉంటుంది. భుజం వెనక్కి పోవడమో, కాలు ఎత్తి దించడమో, ఒక అరుపో. చూసేవాడికి అది కనిపిస్తుంది, తొందరపడేవాడికి కనిపించదు.

పైగా వెనక్కి నక్కి బతికేవాణ్ణి ఈ ఆట మెచ్చదు. దెబ్బ తగిలి, తెర మీద ప్రాణాన్ని చూపే పట్టీ తగ్గినప్పుడు, పోయిన భాగం కొన్ని క్షణాలపాటు వేరే రంగులో మిగిలి ఉంటుంది. ఆలోగా ఎదురుదెబ్బ కొడితే అందులో కొంత తిరిగి వస్తుంది. అవతలివాడి దెబ్బ పడబోయే క్షణంలో తుపాకీ పేలిస్తే వాడు మోకాళ్ల మీద కూలబడతాడు. డాలు ఒకటి దొరుకుతుంది గానీ అది కొయ్య చెక్క. డాలు మంచిదే కానీ అది మనిషిని చేతులు ముడుచుకు కూర్చోనిస్తే మంచిది కాదని దాని వర్ణనలోనే రాసి ఉంటుంది. భయపడుతూనే ముందుకు అడుగు వేయించడం ఈ ఆట పద్ధతి.

ఫాదర్ గాస్కోయిన్ అనే వేటగాడితో పోరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక శ్మశానంలో కళ్లకు గుడ్డ కట్టుకొని, చేత గండ్రగొడ్డలి పట్టుకొని ఆయన నిలబడి ఉంటాడు. ఒకప్పుడు మృగాలను వేటాడినవాడు ఇప్పుడు తానే ఒకటవుతున్నాడు. పోరు చివర్లో మన కళ్ల ముందే పూర్తిగా మృగమైపోతాడు. మా మనవరాలు ఆయన చేతిలో 16 సార్లు ఓడింది. రోజువారీ క్యాలెండర్ నుంచి చింపిన కాగితం వెనక పెన్సిలుతో నేనే గీతలు పెట్టాను. మొదటి ఐదారు గీతల్లో ఆమె ఒకే తప్పు చేసింది, దెబ్బ కొట్టగానే ఇంకో దెబ్బకు ఆశపడింది. పదో గీత దాటాక సమాధి రాళ్లను ఆయనకూ తనకూ మధ్య ఉంచుకొని తిరగడం మొదలుపెట్టింది. పదమూడో గీత దగ్గర, ‘‘తాతా, గొడ్డలి పైకెత్తి ఒక్క క్షణం ఆగుతున్నాడు చూశావా, అక్కడే కాల్చాలి’’ అంది. నాకూ అప్పుడే కనిపించింది. అంతకు ముందు పన్నెండుసార్లూ ఆ క్షణం అక్కడే ఉంది.

ఆ పోరుకు ముందు, ఆ ఊళ్లో ఒక కిటికీ వెనక నుంచి ఒక చిన్నపిల్ల మాట్లాడుతుంది. నాన్నను వెతుక్కుంటూ వెళ్లిన అమ్మ తిరిగి రాలేదని చెప్పి, నాన్నకు ఇష్టమైన పాట ఉన్న చిన్న సంగీతపు పెట్టెను మన చేతికి ఇస్తుంది. ఆ నాన్న గాస్కోయినే. పోరులో ఆ పెట్టె మోగిస్తే ఆయన తల పట్టుకొని కాసేపు ఆగిపోతాడు. ఆయనను గెలిచాక అదే శ్మశానంలో, ఒక కట్టడం పైకప్పు మీద, ఒక స్త్రీ శవం దగ్గర ఎర్రరాయి పొదిగిన బ్రోచ్ దొరుకుతుంది. అది ఆ పిల్ల తల్లిదని తెలిసిన రాత్రి మా మనవరాలు కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. గెలిచాననే సంతోషం ఆమె ముఖంలో లేదు. ఆ నగను పిల్లకు ఇవ్వాలా, దాచాలా అనే నిర్ణయాన్ని ఆట మనకే వదిలేస్తుంది. హింస తప్ప మరేమీ లేదని రాసిన పాఠకుడు ఆ రాత్రి మా ఇంట్లో ఉండి ఉంటే బాగుండేదని అనిపించింది.

ఈ ఆట తన కథను ఎక్కడా కూర్చోబెట్టి చెప్పదు. దొరికిన వస్తువు మీద రెండు మూడు వాక్యాలు, తలుపు వెనక ఒక గొంతు, గోడ పక్కన ఒక శవం ఒరిగిన తీరు, అంతే. అక్షరాలు చెరిగిపోయిన శాసనాన్ని చదివినవారికి ఈ పని బాగా తెలుసు. ఉన్న మాటలను బట్టి లేని మాటలను పూరించుకోవాలి. మియాజాకి చిన్నతనంలో తనకు పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూ, తెలియని చోట్ల బొమ్మలు చూసి కథను ఊహించుకునేవారట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి 2004లో ఆటల తయారీలోకి వచ్చిన ఆయన, ఆ ఖాళీలను ఇప్పుడు మనకోసం కావాలనే వదులుతున్నారు.

ఆటలో అంతర్దృష్టి అనే ఒక కొలత ఉంది. అది సున్నాగా ఉన్నంతకాలం వేటగాళ్ల స్వప్నంలో ఉండే ఒక బొమ్మ ఒట్టి బొమ్మే. ఒకటి కాగానే లేచి మాట్లాడుతుంది. అది 40కి చేరితే, అంతవరకు మనం రోజూ దాటిపోయిన ప్రార్థనా మందిరం గోడను పట్టుకొని వేలాడుతున్న ఒక మహాప్రాణి కనిపిస్తుంది. అది కొత్తగా వచ్చింది కాదు. తెలివి పెరిగేకొద్దీ మతి తప్పే ముప్పు కూడా పెరుగుతుంది. తోడేళ్ల భయంతో మొదలైన కథ, మనిషి బుద్ధికి అందని ప్రాణుల భయంగా మారే తీరు అద్భుతంగా ఉంటుంది.

లోపాలు లేవని అనను. ప్రాణం నింపుకునే రక్తపు సీసాలు అయిపోతే, పోరు ఆపి వాటిని పోగుచేసుకోవడానికి పాత వీధుల్లోనే తిరగాల్సి రావడం విసుగు తెప్పిస్తుంది. భూగర్భ సమాధుల భాగంలో ఒకే రకం గదులు మళ్లీ మళ్లీ వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది చిన్నపిల్లల ఆట కాదు. అమెరికాలో దీనికి 17 ఏళ్లు నిండినవారికి అనే గుర్తు ఇచ్చారు. ఆ గుర్తు చూడకుండా పదేళ్ల పిల్లవాడికి కొనిచ్చే తల్లిదండ్రులున్న చోట ఆ పాఠకుడి ఆవేదనకు నేను కూడా గొంతు కలుపుతాను.

మీకు నా మనవి ఒక్కటే. మీ ఆదివారం సంచికలో సినిమాకూ, పుస్తకానికీ, నాటకానికీ సమీక్ష ఉంటుంది. ఇలాంటి ఆటలకు కూడా నెలకు ఒక అరపేజీ కేటాయించి, ఆడినవారి చేతనే రాయించండి. ఈ నగరంలో తెలుగు మాట్లాడే వేల ఇళ్లలో పిల్లలు వీటిని ఆడుతున్నారు. వాళ్లు చూసినదాన్ని తెలుగులో చెప్పుకునే చోటు మాత్రం ఎక్కడా లేదు. మొదటి వ్యాసం రాయడానికి మా మనవరాలు సిద్ధంగా ఉంది. అచ్చుకు పంపే ముందు ఒత్తులూ దీర్ఘాలూ నేను సరిచూస్తాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
మహదేవపుర, బెంగళూరు.