బోర్డు మారితే లైసెన్స్ పోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. మొన్న ఉరుములు మెరుపులతో వాన పడిన రాత్రి నా కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేయించి, విండోస్ మళ్లీ ఎక్కిస్తే, తెర కింద కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిదరంగు అక్షరాలు. అసలే పెళ్లి కార్డుల సీజను, ఒకటే టెన్షన్.

‘లైసెన్స్ పోయింది, మళ్లీ కొనండి. లేదంటే ఐదొందలకు క్రాక్ వేస్తా’ అన్నాడు రిపేరు షాపతను. క్రాక్ అంటే లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రాం. నా కంప్యూటర్లో జనం ఇచ్చిన ఆధార్ కాపీలు, దస్తావేజులు ఉంటాయి. దాన్లో క్రాక్ ఎలా వేయించను?

నాది విడిగా డబ్బా కొన్న రిటైల్ లైసెన్స్. పాత బోర్డు మీద దాన్ని వాడటం మానేస్తే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. అదృష్టం కొద్దీ దాన్ని ముందే నా మైక్రోసాఫ్ట్ అకౌంటుకు కలిపి ఉంచాను. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్, అందులో ట్రబుల్‌షూట్, ఆపైన ‘ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను’ అనే మాట నొక్కి అకౌంటుతో లాగిన్ అయ్యాను. జాబితాలో నా పాత కంప్యూటర్ పేరు కనిపించింది. ఎంచుకున్నాను, పని అయిపోయింది. ర్యామ్ మారిస్తే సాధారణంగా ఈ గొడవ రాదు, చిక్కంతా మదర్‌బోర్డుతోనే. కంప్యూటర్‌తో పాటే వచ్చే ఓఈఎం లైసెన్స్ మాత్రం ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది.

అమ్మేటప్పుడే అది ఏ రకం లైసెన్సో బిల్లు మీద రాయమని షాపుల వారిని కోరుతున్నాను. రిపేరు చేసేవారు బోర్డు విప్పే ముందు ‘లైసెన్స్‌ను అకౌంటుకు కలిపారా?’ అని ఒక్క మాట అడగండి.

- ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి