వాబ్లర్ గురించి నీకో పెద్ద ఉత్తరం

ఒరేయ్,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ జవాబు రాయాలని చెయ్యి ఒకటే లాగుతోంది. ఇప్పటి ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, మలుపులెక్కువ ఉండే రాక్ సంగీతం) బ్యాండ్లన్నీ డెబ్భైల నాటి ఇంగ్లండు బ్యాండ్లైన యెస్‌కీ, జెనెసిస్‌కీ జిరాక్స్ కాపీలేనని ఒక్క ముక్కలో తేల్చేశావు. మిగతావాళ్ల సంగతి ఏమోగానీ, నార్వే వాళ్ల వాబ్లర్‌ని కూడా ఆ గాటన కట్టేస్తే మాత్రం నేనొప్పుకోను.

వీళ్లు 1999లో మొదలుపెట్టారు, మొదటి ఆల్బమ్ 'హింటర్‌లాండ్' 2005లో వచ్చింది. మనం రోజూ వినేవన్నీ 1969కీ 1975కీ మధ్య వచ్చినవే కాబట్టి మన లెక్కలో వీళ్లు కుర్రాళ్లే.

నీ మాటలో అసలు నిజం లేదని అనను. 2011 నాటి 'రైట్స్ ఎట్ డాన్' వింటే ఎవరికైనా ముందు యెస్సే గుర్తొస్తుంది. పై స్థాయిలో గొంతులు కలిపి పాడటం, బేస్ గిటార్ వెనకాల నక్కకుండా గరగరమంటూ ముందుకొచ్చి పాటను లాక్కెళ్లడం, అంతా యెస్ బేస్ వాద్యకారుడు క్రిస్ స్క్వైర్ వేసిన బాటే. నాకా ఆల్బమ్ ఇష్టమే. కానీ అందులో వాళ్లు ఇంకా గురువుగారి ఎదుట కూర్చుని పాఠం అప్పజెబుతున్నట్టే ఉంటారు.

అసలు కథ 2017లో వచ్చిన 'ఫ్రమ్ సైలెన్స్ టు సమ్‌వేర్'తో మారింది. టైటిల్ పాటే దాదాపు 21 నిమిషాలు! పాత ఎల్పీ రికార్డులో ఒక వైపంతా పట్టేంత. యెస్ వాళ్ల పాట 'క్లోజ్ టు ది ఎడ్జ్' కూడా అలా ఒక వైపంతా ఆక్రమించిందే కదా. కానీ యెస్ పాటల్లో ఉండే వెలుగు ఇక్కడ లేదురా. ఎంత హోరు మధ్యలోనైనా లోపల ఒక దిగులు సాగుతూనే ఉంటుంది. ఇంగ్లండు వాళ్లకన్నా, 1992లో 'హైబ్రిస్' చేసిన స్వీడన్ బ్యాండ్ ఆంగ్లగార్డ్‌కే ఆ దిగులు దగ్గర అనిపిస్తుంది నాకు.

ఇక కీబోర్డుల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వాబ్లర్‌లో కీబోర్డులు వాయించే లార్స్ ఫ్రెడ్రిక్ ఫ్రోయిస్లీ పట్టుకునేది మెలోట్రాన్, హామండ్ ఆర్గాన్, మినీమూగ్ సింథసైజర్ లాంటి ఆ కాలపు వాద్యాలే. మెలోట్రాన్‌లో ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. కీ నొక్కితే ఆ టేపు కదిలి, దానిమీద ముందే రికార్డు చేసిన వయొలిన్లో, ఫ్లూటో, కోరస్సో పలుకుతుంది. అది కూడా సుమారు 8 సెకన్లే. వేలు తీయగానే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. అంటే ఒక స్వరాన్ని పట్టుకుని హాయిగా కూర్చోవడం కుదరదు, టేపు అయిపోయేలోపు ఇంకో కార్డ్‌కి (కలిపి మోగించే స్వరాల గుంపుకి) వెళ్లిపోవాల్సిందే. పైగా శ్రుతి ఎప్పుడూ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఈ వాద్యాన్ని పెట్టుకుని పాట కడితే, పాట నడకే ఆ పాత పద్ధతిలోకి వస్తుంది. అందుకే పోలిక కనిపించగానే కాపీ అనేస్తే నాకు బాధేస్తుంది. ఒకే వాద్యం పట్టుకున్నవాళ్లకి ఒకే రకం ఇబ్బందులు వస్తాయి, వాటిలోంచి ఎలా బయటపడ్డారన్నది చూడాలి గానీ.

2020లో వచ్చిన 'డ్వెల్లర్స్ ఆఫ్ ది డీప్' కూడా మంచిదే. మొత్తం నాలుగే పాటలు. నా ఓటు మాత్రం 2017 దానికే. ఫ్రోయిస్లీ 2023లో సొంతంగా ఒక ఆల్బమ్ చేసి, పాటలన్నీ నార్వేజియన్‌లోనే పాడాడు. పోలికలు వెతికేవాళ్లు అది కూడా వినాలి.

నువ్వు ముందు ఆ 21 నిమిషాల పాట విను. ఫోన్ స్పీకర్లో పెట్టకు, బేస్ మొత్తం పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా విను. ఆ తర్వాత అదే ఆల్బమ్‌లో చివరిదైన 'ఫాక్స్‌లైట్'. వీటిలో ఎక్కడెక్కడ నీకు యెస్ వినిపించిందో నిమిషాలతో సహా రాసి పంపు, నేను వాటినీ యెస్ పాటల్నీ పక్కపక్కన పెట్టుకుని వింటాను. ఆంగ్లగార్డ్ సంగతి వచ్చే ఉత్తరంలో తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ
నేస్తం