పరిష్కారమైందని మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

రాజమహేంద్రవరం,
2025 డిసెంబరు 18.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

అయ్యా,

ఈ ఉత్తరం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. 38 రోజులుగా మీ యాప్‌లో, మెయిల్‌లో, ఫోన్‌లో నేను చెప్పుకున్నది మీ దగ్గర ఒక్కరు కూడా పూర్తిగా చదవలేదు, వినలేదు. కాగితమైతే ఎవరో ఒకరు కవరు చింపి చూడాలి కదా అన్న ఆశతో రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నేను ఇంట్లో, కాగితం మీద ప్రింట్ తీసిన ఫోటోల్ని చెక్క పలకల మీదికి దించుతాను. గృహప్రవేశాలకి, పెళ్లిరోజులకి, పిల్లల పుట్టినరోజులకి అడిగినవాళ్లకి చేసిస్తాను. 2021 కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని నేర్చుకున్న పని ఇది. ఆ రోజు నుంచి మీ ఫోటో ట్రాన్స్‌ఫర్ జెల్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఇప్పటికి 26 డబ్బాలు కొన్నాను. నా ఖాతా తెరిస్తే మీకే కనిపిస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లో అయిదుగురికి ఈ పని నేర్పి, వాళ్లందరితోనూ మీ జెల్లే కొనిపించాను. వేరే కంపెనీది రెండు వందలు తక్కువకి వస్తోంది కదా అని ఒకావిడ అంటే, "వద్దండీ, నాలుగేళ్లలో నాకు ఒక్క బొమ్మ కూడా చెడలేదు, ఇదే తీసుకోండి" అని చెప్పింది నేనే. అలా చెప్పినందుకు మీ దగ్గర నుంచి నేనేమీ ఆశించలేదు. కానీ ఒక్కసారి కష్టం వచ్చి పిలిస్తే పలుకుతారనుకున్నాను.

అసలు జరిగింది చెబుతాను. కోనసీమలో మా అమ్మమ్మ వాళ్లది మండువా ఇల్లు. నిరుడు అమ్మమ్మ పోయింది, తర్వాత ఇల్లూ పడగొట్టారు. వీధి తలుపు పాత టేకు. మావయ్య దాన్ని కోయించి రెండు పలకలు నాకు పంపించాడు. అందులో ఒకటి గొళ్లెం ఉన్న వైపుది. రోజూ తలుపు తీసి వేసి, తీసి వేసి, చెయ్యి పడిన చోట అరచేతి వెడల్పున నున్నగా, నల్లగా మెరిసే మచ్చ ఒకటి ఉండేది. వేలు పెడితే గాజు మీద పెట్టినట్టు జారేది. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ ఫోటోని ఆ పలక మీదికి దించి, నవంబరు 23న సంవత్సరీకం నాడు మావయ్య ఇంట్లో పెట్టాలనుకున్నాను. ఆ మచ్చ ఉన్నచోటు వదిలేసి, దాని పక్కన బొమ్మ వచ్చేలా చూసుకున్నాను.

టేకులో నూనె ఉంటుంది, మామిడి చెక్కలా అన్నిటినీ పట్టుకోదు. అందుకే పని మొదలుపెట్టకముందే, అక్టోబరు 30న, మీ చాట్‌లో అడిగాను: "పాత టేకు మీద ఈ జెల్ పట్టుకుంటుందా?" అని. "అన్ని రకాల చెక్కల మీద పనిచేస్తుంది మేడమ్" అని జవాబిచ్చారు. ఆ మాట నమ్మి నవంబరు 2న 649 రూపాయలు పెట్టి కొత్త డబ్బా ఆర్డర్ చేశాను. 6న వచ్చింది. 8వ తేదీ శనివారం పని మొదలుపెట్టాను.

చేయాల్సినవన్నీ చేశాను. బొమ్మలో తెల్లగా ఉన్నచోట కింది చెక్క రంగే కనిపిస్తుంది కాబట్టి ముందు తెల్ల రంగు పూత వేసి ఆరబెట్టాను. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటే తీయించాను, అద్దంలో కనిపించినట్టు తిరగేయించి మరీ. జెల్ రాసి, ప్రింట్ బోర్లా అంటించి, పాత ఏటీఎం కార్డుతో బుడగలన్నీ బయటికి నెట్టి, 24 గంటలు వదిలేశాను. మర్నాడు తడి స్పాంజితో కాగితం నానబెట్టి వేలితో రుద్దడం మొదలుపెట్టాను. కాగితం గుజ్జు సన్నటి ఉండలుగా లేచి, కింద బొమ్మ నిలబడాలి. నాలుగేళ్లుగా నాకు అలాగే వచ్చింది. ఈసారి జెల్ ఆరనే లేదు. వేలికి పచ్చిజిగురు తగిలింది. ముందు నుదుటి బొట్టు వచ్చేసింది, తర్వాత ముక్కుపుడక ఉన్న వైపు ముఖమంతా నా వేలికి అంటుకుని లేచిపోయింది. ఒక కన్ను, చెవికి ఉన్న దుద్దు మిగిలాయి. గుజ్జుతో కలిసిన జిగురు మచ్చ దాకా పాకింది.

వస్తువు చెడిపోవడం తప్పు కాదు. ఎక్కడో ఒక డబ్బా పాడవుతుంది, నేనూ పని చేసేదాన్నే, అర్థం చేసుకోగలను. ఈ ఉత్తరం దానికోసం కాదు. ఆ తర్వాత మీరు నన్ను పెట్టిన తిప్పల కోసం.

నవంబరు 10 పొద్దున్నే యాప్ తెరిచాను. వస్తువు అందలేదు, పగిలింది, వేరేది వచ్చింది: ఈ మూడే ఉన్నాయి. "పనిచేయలేదు" అని చెప్పుకోవడానికి చోటే లేదు. పగిలింది అన్నది నొక్కాను, పలక ఫోటో పెట్టాను. "ఫోటోలో డబ్బా కనిపించడం లేదు" అని పది నిమిషాల్లో ఫిర్యాదు మూసేశారు. డబ్బా ఫోటో పెట్టాను. "డబ్బా పగలలేదు" అని మళ్లీ మూసేశారు.

మధ్యాహ్నం ఫోన్ చేశాను. 23 నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. మొత్తం చెప్పాను. నేను ముఖ్యంగా అడిగింది ఒక్కటే: "డబ్బు సంగతి తర్వాత చూద్దాం. చెక్కకి దెబ్బ తగలకుండా ఈ జిగురు దేనితో వదిలించాలో చెప్పండి. ఆ మచ్చ పోకూడదు." ఆ అమ్మాయి "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము మేడమ్, 48 గంటల్లో మా టీమ్ కాల్ చేస్తుంది" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ముందు పెట్టింది చదవమని మీరే చెప్పి ఉంటారు.

48 గంటలు ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. రాలేదు. 12న నేనే చేశాను. ఈసారి ఒక అబ్బాయి. "మేడమ్, ఇంక్‌జెట్ ప్రింటా, లేజర్ ప్రింటా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంక్‌జెట్ సిరా తడి తగిలితే కరిగిపోతుంది, అది తెలిసినవాడే ఆ ప్రశ్న వేస్తాడు. లేజర్ అని చెప్పాను. "అయితే జెల్‌లోనే ఏదో తేడా ఉండొచ్చు, టెక్నికల్ టీమ్‌కి కలుపుతాను ఉండండి" అన్నాడు. లైన్ కట్ అయింది. వెంటనే తిరిగి చేసి ఆ అబ్బాయినే ఇవ్వమన్నాను. అలా కుదరదన్నారు. పనికొచ్చే ప్రశ్న వేసిన ఒకే ఒక్క మనిషి దగ్గరికి కస్టమర్ మళ్లీ వెళ్లే దారి మీ దగ్గర లేదు.

13న, 14న మళ్లీ చేశాను. ఇద్దరికీ మొదటి నుంచి చెప్పాను. ఇద్దరూ మొదటి నుంచి రాసుకున్నారు. 15వ తేదీకి ఇంకో ఎనిమిది రోజులే మిగిలాయి. జిగురు రోజురోజుకీ గట్టిపడుతోంది. ఇక ఆగలేక శాండ్ పేపర్ తీసుకుని రుద్దాను. జిగురు పోయింది. దానితో పాటు ఆ నున్నటి మచ్చా పోయింది. ఇప్పుడు అక్కడ వేలు పెడితే కొత్త చెక్కలా గరుకుగా తగులుతుంది. అమ్మమ్మ చెయ్యి అరిగిన చోటు అది. నా చేత్తో నేనే తుడిచేశాను. దీంతో రుద్దకండి అనో, ఫలానాదానితో తుడవండి అనో, ఏమీ చేయకండి ఆగండి అనో ఒక్క ముక్క చెప్పి ఉంటే అది మిగిలేది. అయిదు రోజుల్లో ఒక్క ముక్క.

సంవత్సరీకం నాడు పలక లేకుండానే వెళ్లాను. ఆ ముందు రోజే మీ దగ్గర నుంచి "రేపు మా సీనియర్ టీమ్ మీకు కాల్ చేస్తుంది" అని మెసేజ్ వచ్చింది. వడ్డనల మధ్య కూడా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. "ఇవాళైనా ఆ ఫోను పక్కన పెట్టవే" అని అమ్మ అందరి ముందూ కసిరింది. సాయంత్రం ఆరింటికి మెసేజ్ వచ్చింది: "మిమ్మల్ని మూడుసార్లు సంప్రదించడానికి ప్రయత్నించాము, మీరు అందుబాటులో లేరు. మీ ఫిర్యాదు మూసివేయబడింది." నా ఫోన్‌లో ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. కాల్ లిస్టు ఫోటో తీసి మీకు పంపించాను. అబద్ధం చెప్పారు అని అక్కడే రాశాను, ఇక్కడా రాస్తున్నాను.

తప్పు నాదేమో చూసుకుందామని ఈలోగా సామిల్లు నుంచి ఒక మామిడి చెక్క తెప్పించి రెండు ముక్కలు చేశాను. ఒకే షాపులో, ఒకే కాగితం మీద తీసిన రెండు ప్రింట్లు. ఒకదానికి నా దగ్గర అడుగున మిగిలిన పాత డబ్బా జెల్, ఇంకోదానికి కొత్తది. పాత జెల్ ముక్క మీద బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. కొత్తది మూడో రోజుకి కూడా వేలికి అంటుకుంది. రెండు ముక్కల ఫోటోలు, రెండు డబ్బాల మీది బ్యాచ్ నంబర్లు కలిపి నవంబరు 26న మెయిల్ చేశాను. ఇంతకన్నా రుజువు ఇంట్లో కూర్చుని నేనేం చూపించగలను?

దానికి డిసెంబరు 1న వచ్చిన జవాబు: "ఈ ఉత్పత్తి టేకు వంటి నూనె గల చెక్కలపై వాడరాదు." మామిడి ముక్కల సంగతి ఎవరూ చూడలేదు. టేకు మీద పనిచేస్తుందని మీరే అక్టోబరు 30న చెప్పిన చాట్ ఫోటో పంపిస్తే, "మీ ఏడు రోజుల రిటర్న్ గడువు ముగిసింది" అన్నారు. నేను మొదటి ఫిర్యాదు పెట్టింది డబ్బా అందిన నాలుగో రోజు. గడువు ముగిసింది మీరు ఫోన్ చేస్తామన్న రోజుల్లోనే. ఆ మాటా రాశాను. డిసెంబరు 5న, అదే జెల్ ఇంకో డబ్బా కొంటే 100 రూపాయలు తగ్గిస్తామని కూపన్ వచ్చింది. వెనకే ఇంకో మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి." ఏది పరిష్కారమైందండీ? ఎవరికి పరిష్కారమైంది?

11 ఫోన్లు, 9 మెయిల్స్, 4 ఫిర్యాదు నంబర్లు. నాలుగూ మూసేశారు. 649 రూపాయలు వదిలేయొచ్చు కదా అని మా ఆయన అన్నారు. వదిలేయగలను. కానీ ఒక మనిషి 38 రోజులు మాట్లాడుతుంటే అవతల ఎవరూ లేనట్టు ఉంటే, అది వదిలేయలేకపోతున్నాను. చెడిపోయిన డబ్బా మీద కోపం రెండు రోజుల్లో తగ్గింది. ఇది తగ్గడం లేదు.

ఊరికే బెదిరించడం నాకు రాదు, అందుకే కనుక్కునే రాస్తున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020లో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీకు నెల దాటిపోయింది. ఈ ఉత్తరం అందిన పది రోజుల్లో మనిషి అన్నవాళ్లు నాతో మాట్లాడకపోతే, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కాగితాలన్నీ తేదీల వారీగా ఫైలులో పెట్టాను. నాతో పాటు మీ జెల్ కొంటున్న ఆ అయిదుగురికీ ఈ ఫైలు చూపిస్తాను. కొనమన్నది నేనే కాబట్టి, వాళ్లకి చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

649 రూపాయలు తిరిగి ఇవ్వండి, అది మీ ధర్మం. ఆ నాలుగు ఫిర్యాదుల పక్కన ఉన్న "పరిష్కారమైంది" అన్న మాట తీసేయండి. నేను పంపిన బ్యాచ్ నంబరు మీ ఫ్యాక్టరీలో తెలిసినవాళ్లకి చూపించి, లోపం జెల్‌లో ఉందా, లేక టేకు మీద అది నిలవదా అన్నది కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. కుదిరితే లేజర్ ప్రింటా అని అడిగిన ఆ అబ్బాయితో ఒక్కసారి ఫోన్ చేయించండి.

ఆ జవాబు నాకు ఎందుకు కావాలో కూడా చెబుతాను. మావయ్య పంపిన రెండు పలకల్లో ఇంకోటి నా దగ్గర అలాగే ఉంది, అమ్మమ్మ నేత చీరలో చుట్టి బీరువా పైన పెట్టాను. ఆ తలుపులో ఇక మిగిలింది అదొక్కటే. దాని మీద ఏ జెల్ రాయాలో, అసలు రాయొచ్చో లేదో తేలేదాకా చీర విప్పను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

2021 నుంచి మీ కస్టమర్