నీ మరుగుజ్జుల నోటుపుస్తకం చదివాక

చిరంజీవి నాన్నకు,

అమ్మ ఆశీస్సులు.

రోదసిలో ఓడలు నడిపే మరుగుజ్జుల కథ రాసి నువ్వు పంపిన నోటుపుస్తకం చేరి తొమ్మిది రోజులయింది. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు "సరేనమ్మా, సరేనమ్మా" అంటూనే మాట మార్చేస్తావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను. మొదటిసారి నీ తల్లిగా చదివి మురిసిపోయాను. రెండోసారి ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన మనిషిగా చదివాను. ఇక పెన్సిలు తీయక తప్పలేదు. మార్జిన్ల నిండా గీతలు చూసి బెదిరిపోకు, కథ బాగాలేకపోతే ఇంత ఓపికగా గీసేదాన్ని కాదు.

అసలు చిక్కు మొదటి పేజీలోనే ఉంది. నీ మరుగుజ్జులు భూమికి రెండింతల గురుత్వం ఉన్న లోకంలో పుట్టారనీ, అందుకే పొట్టిగా, దుంగల్లాంటి కాళ్ళతో ఉంటారనీ రాశావు. శరీరం వరకు నీ లెక్క సరైనదే. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక బలం కంటే బరువే ముందు పరుగెడుతుందని గెలీలియో 1638లోనే, ఎముకల బొమ్మ వేసి మరీ చూపించాడు. దాన్ని తిరగేసి చూడు. ఎత్తు సగమైతే ఎముక అడ్డుకోత నాలుగో వంతుకు తగ్గుతుంది, బరువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే మోయాల్సిన బరువుతో పోలిస్తే పొట్టివాడి ఎముక రెండింతలు గట్టిది. రెండింతల గురుత్వంలో సగం ఎత్తు మనిషి, భూమి మీద మనం నిలబడినంత సులువుగా నిలబడతాడు. నువ్వు తెలిసి రాశావో, తోచి రాశావో గానీ అతికినట్టు సరిపోయింది.

కానీ అక్కడి నుంచి బయటికి ఎలా వచ్చారు? మన భూమిని వదిలిపోవడానికే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. 1969లో ముగ్గురు మనుషులను చంద్రుడి దగ్గరికి చేర్చడానికి మూడు వేల టన్నులకు దగ్గరగా బరువున్న రాకెట్టు కావలసివచ్చింది. చంద్రుడి నేల మీద నుంచి ఇద్దరు తిరిగి పైకి లేవడానికి అయిదు టన్నుల్లోపు బండి సరిపోయింది. తేడాలో చాలా భాగం గురుత్వానిదే. సియోల్కోవ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త 1903లో అచ్చువేసిన సూత్రం ప్రకారం, అందుకోవలసిన వేగం కొంచెం పెరిగితే ఇంధనం రెట్లకు రెట్లు పెరుగుతుంది. నీ వాళ్ళను పొట్టిగా చేసిన బరువే వాళ్ళను నేలకు కట్టిపడేస్తుంది. అలాంటి లోకంలో గొప్ప గనులు తవ్వేవాళ్ళు పుడతారేమో గానీ, రోదసిలో ఓడలు నడిపేవాళ్ళు పుట్టడం కష్టం.

అందుకని నా మాట విను. వాళ్ళను పొట్టిగా పుట్టించకు. మామూలు ఎత్తు మనుషులుగానే ఓడ ఎక్కించు. ఓడే వాళ్ళను కురచ చేస్తుంది.

ఓడంటే దీవే కదా. 2003లో ఇండొనేసియాలోని ఫ్లోరెస్ దీవిలో, లియాంగ్ బువా అనే గుహలో ఒక ఆడమనిషి ఎముకలు దొరికాయి. ఎత్తు మీటరు పైన ఏ రెండు మూడు అంగుళాలో, అంతే. చిన్నపిల్ల అనుకునేరు, జ్ఞానదంతాలు వచ్చిన పెద్ద మనిషి. అదే దీవిలో ఏనుగుల చుట్టాలైన స్టెగోడాన్లు కూడా కుంగిపోయి చిన్నవయ్యాయి. సిసిలీలోనైతే పెద్దయ్యాక కూడా మీటరు ఎత్తే ఉన్న ఏనుగులు ఒకప్పుడు తిరిగేవి. తిండి కొద్దిగా, చోటు కొద్దిగా ఉన్న దగ్గర పెద్ద ఒళ్ళు భారం. చిన్న ఒళ్ళుతో పుట్టినవాళ్ళు కరువు దాటి మరో తరాన్ని కంటారు. ఓడలో కూడా అదే లెక్క నడుస్తుంది. శరీరం బరువు ఎనిమిదో వంతుకు తగ్గినప్పుడు తిండి అవసరం అంతగా తగ్గదు, సుమారు అయిదో వంతు దగ్గర ఆగుతుంది (క్లైబర్ అనే ఆయన 1932లో తేల్చిన లెక్క ఇది). అయినా వంద మందికి సరిపోయే తిండితో నాలుగు వందల డెబ్బై మంది బతకవచ్చు. కెప్టెన్‌కు ఇంతకంటే ఏం కావాలి! మరో సంగతి, కిలోకు కిలో లెక్క చూస్తే వాళ్ళకు మనకంటే ఆకలి ఎక్కువ. మనకంటే త్వరత్వరగా ఏదో ఒకటి నోట్లో పడాలి. నీ పన్నెండో పేజీలో పంచాయతీ నాలుగు గంటలసేపు తిండీ తిప్పలూ లేకుండా సాగింది, అది వాళ్ళకు అంత సులువు కాదు. వాళ్ళలో తగవు తీర్చడమంటే ముందు నోరు ఆడించడమే.

ప్రయాణానికి నువ్వు పెట్టిన మూడు వందల ఏళ్ళు చాలవు, కాలాన్ని పెంచు. జెర్సీ దీవిలో చిక్కుకున్న ఎర్ర జింకలు ఆరో వంతు బరువుకు తగ్గడానికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది, అదే చాలా వేగం అంటారు. జింకలు త్వరత్వరగా ఈనుతాయి. మనుషుల తరాలు నెమ్మది. వేల ఏళ్ళ ప్రయాణం రాయడానికి భయమెందుకు? దిగాలన్న ఆశను మరిచిపోయిన జనం దొరుకుతారు నీకు, అది ఇంకా మంచి కథ.

ఇందులో నాకు బాగా నచ్చిన చిలిపి భాగం ఒకటుంది. దీవులు పెద్ద జంతువులను చిన్నవి చేసినట్టే చిన్నవాటిని పెద్దవి చేస్తాయి. ఫ్లోరెస్‌లో ఇప్పటికీ మామూలు ఎలుకకు రెండింతల పొడవుండే ఎలుకలున్నాయి. మరి నీ ఓడలో ఎలుకలు ఎక్కవా? ఎక్కకుండా ఉంటాయా? మనుషులు మీటరుకు దిగేసరికి ఎలుకలు పిల్లులంత అవుతాయి. వాటిని మచ్చిక చేసుకుంటారో, గొట్టాల్లోకి పంపి పనిచేయిస్తారో, వాటి పేరు చెప్పి పిల్లలను నిద్రపుచ్చుతారో నువ్వే చూసుకో. నాకైతే గొలుసు కట్టిన ఎలుకతో షికారుకు బయల్దేరిన ఒక ముసలమ్మ కళ్ళ ముందు కదులుతోంది.

బరువు లేకపోతే మనుషులు కురచ అవుతారని ఏడో పేజీలో ఒక మాట అన్నావు, దాన్ని కొట్టేశాను. జరిగేది దానికి తలకిందులు. వెన్నుపూసల మధ్య ఒత్తిడి తగ్గి మనిషి కాస్త సాగుతాడు. 2018 జనవరిలో కనాయ్ అనే జపాను వ్యోమగామి తాను 9 సెంటీమీటర్లు పెరిగానని రోదసి నుంచే లోకానికి ప్రకటించి, తిరుగు ప్రయాణంలో సీటులో పడతానో లేదోనని దిగులుపడ్డాడు. మళ్ళీ కొలిస్తే తేలింది 2 సెంటీమీటర్లు. పాపం, క్షమాపణ చెప్పుకున్నాడు. ఎముకల సంగతి మాత్రం నవ్వులాట కాదు. బరువు మోయని తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగానే కరుగుతుంది. కాబట్టి నీ ఓడ చక్రంలా తిరగాలి, ఇళ్ళు అంచున ఉండాలి. చక్రం చిన్నదైతే పొడుగు మనిషికి పాదాల దగ్గర ఒక బరువు, తల దగ్గర మరో బరువు తోస్తుంది. మీటరు మనిషికి ఆ తేడా దాదాపు సగమే. పొట్టితనం అక్కడ ఒక సుఖం.

ఇక వాళ్ళ గొంతు. బావిలోంచి వచ్చినట్టు గంభీరమైన గొంతులని రాశావు. చిన్న స్వరపేటిక, కురచ మెడ, పిట్టంత ఛాతీ. గంభీరం ఎక్కడి నుంచి వస్తుంది నాన్నా? సన్నగా, పదునుగా మాట్లాడతారు. ఆ ఓడలో గంభీరమైన గొంతు యంత్రాలది ఒక్కటే. దాని గురించి నువ్వు ఒక్క వాక్యమైనా రాయలేదు, నేను మాత్రం రెండు రాత్రులు దాన్నే ఆలోచించాను. చక్రం నడుమ ఉండే బరువు లేని గదుల్లో వేడి గాలి పైకి పోదు, చల్ల గాలి కిందికి దిగదు. పంకా ఆగితే నిద్రపోయే మనిషి వదిలిన ఊపిరి అతని ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. అందుకే ఇప్పటి అంతరిక్ష కేంద్రంలో కూడా పంకాలు రాత్రింబవళ్ళు తిరుగుతూ హోరెత్తిస్తాయి. అలాంటి చోట వేల ఏళ్ళు బతికిన జనానికి నిశ్శబ్దమంటే శాంతి కాదు, చావు. మనం "కాసేపు నిశ్శబ్దంగా ఉండనివ్వు" అంటాం, వాళ్ళు "కాసేపు హోరులో ఉండనివ్వు" అంటారు. పసిపిల్లలు పంకా హోరుకే నిద్రపోతారు. ఎవరైనా పోతే ఆ గది పంకాను ఒక్క నిమిషం ఆపుతారు. ఏడవరు, మాట్లాడరు, ఊపిరి బిగబట్టి నిలబడతారు. మళ్ళీ పంకా తిరగగానే అందరూ ఒక్కసారిగా ఊపిరి వదులుతారు. ఇది నీకు ఇచ్చేస్తున్నాను, నీదిగానే రాసుకో.

గడ్డాల విషయంలో మనిద్దరికీ గొడవ తప్పదు. మోకాళ్ళ దాకా గడ్డాలు పెట్టావు. గాలి చొరని ముసుగు గడ్డం మీద సరిగ్గా అతుక్కోదు, రాలిన వెంట్రుకలు గాలి వడపోతల్లో చిక్కుకుంటాయి. అలాంటి ముసుగు వేసుకుని పనిచేసేవాడికి గడ్డం ప్రమాదం. అయితే తీసేయకు, మార్చు. ముసుగు వేసుకునే పని మానుకున్న రోజు నుంచే గడ్డం పెంచే హక్కు వస్తుందని పెట్టు. అప్పుడు జానెడు గడ్డమంటే "ఇన్నేళ్ళుగా నా ప్రాణం మరొకరి చేతుల్లో ఉంది" అని అర్థం.

బంగారం కూడా తీసేయి. గ్రహశకలాల మధ్య తిరిగేవాళ్ళకు లోహం మనకు మట్టి లాంటిది. వాళ్ళకు కరువయ్యేవి నీళ్ళు, నత్రజని, భాస్వరం. మన ఒంట్లో ఏడు వందల గ్రాముల దాకా భాస్వరం ఉంటుంది, అందులో చాలా భాగం ఎముకల్లోనే. అది లేకుండా పంట లేదు, పిల్లల ఎముకలూ లేవు. పోయిన తాత మళ్ళీ తోటలోకి వెళ్ళాలి, తోటలోంచి మనవరాలి పళ్ళలోకి రావాలి. వాళ్ళ వీలునామాలు ఎలా ఉంటాయో ఊహించు. పిసినారి అంటే బంగారం దాచినవాడు కాదు, శవాన్ని శూన్యంలోకి వదిలిపెట్టమని కోరినవాడు. అంతకంటే పెద్ద దొంగ వాళ్ళ కథల్లో ఉండడు.

నలభై పేజీల పుస్తకంలో ఆడవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడలేదు. కోపంతో అనడం లేదు, (కొంచెం కోపంతోనే అంటున్నాను), కానీ జీవశాస్త్రం కూడా అక్కడే ఉంది. ఒళ్ళు సగమై తల మనంతే ఉంటే ఆ బిడ్డ పుట్టేదెలా? మామూలు మనుషులకే కటి ఎముక దాటడం గండం. ఫ్లోరెస్ మనిషి మెదడు నాలుగు వందల మిల్లీలీటర్లు, మనదానిలో మూడో వంతు కూడా లేదు. అయినా ఆ గుహలో రాతి పనిముట్లు దొరికాయి. కాకి జాతి పక్షుల మెదడు అక్రోటుకాయంత, అందులో న్యూరాన్లు కోతుల మెదళ్ళతో పోటీపడేంత కిక్కిరిసి ఉంటాయి. నీ వాళ్ళ మెదడును అలా కిక్కిరిసి పేర్చు. లేదా తల పెద్దదిగానే ఉంచి మంత్రసానిని ఆ ఓడలో కెప్టెన్ కంటే పెద్ద మనిషిని చేయి. నేను రెండోదే రాస్తాను.

పేరు గురించి చివర్లో రాద్దామని దాచుకున్నాను. వాళ్ళు తమను తాము "మరుగుజ్జులం" అని పిలుచుకుంటారని రాశావు. ఎందుకు పిలుచుకుంటారు? పక్కన పొడుగువాడు నిలబడితే గదా ఆ మాట పుట్టేది. అందరూ మీటరు ఉన్న చోట మీటరే నిలువెత్తు. మనం ఎదురుపడితే మనల్నే ఏ వెదురుబొంగులనో పిలుస్తారు. మన దగ్గర వామనుడు కూడా ఇంతింతై ఆకాశం ముట్టాకే గొప్పవాడయ్యాడు, పొట్టిగా ఉండగా కాదు. రోదసికి మొట్టమొదట వెళ్ళిన గగారిన్ ఎత్తు 157 సెంటీమీటర్లు. అతను వెళ్ళిన నౌక ఇరుకు గోళంలో పొడుగు మనిషి పట్టేవాడు కాదు. ఈ సంగతి నీకు పన్నెండేళ్ళ వయసులో చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ బదులు పెరటి గుమ్మానికి ఇనుప కడ్డీ బిగించి, ఎత్తు పెరుగుతావని రోజూ పొద్దున్నే నిన్ను దానికి వేలాడదీశాను. వేలాడితే ఎముక పెరగదని నాకు తెలుసు. తెలిసీ చేశాను, ఎవరో ఏదో అన్నారని. నువ్వు చేతులు ఎర్రబడేదాకా వేలాడి, దిగి, తలుపు మీద గీత దగ్గర నిలబడి నా ముఖం చూసేవాడివి.

ముప్ఫై ఒకటో పేజీలో నీ ఓడ పిల్లలు తలుపు మీద గీత దాటితే పెద్దవాళ్ళు దిగులుపడే ఘట్టం ఉంది. "వీడికి తిండి ఎక్కువ కావాలేమో" అని తల్లి రాత్రంతా మేలుకుంటుంది. ఆ పేజీ మీద నేను పెన్సిలు పెట్టలేదు. అక్షరదోషాలు మూడున్నాయి, అవి కూడా దిద్దలేదు.

ఆ కడ్డీ ఇంకా అక్కడే ఉంది. వానాకాలంలో తడి బట్టలు ఆరేసుకుంటున్నాను.

నోటుపుస్తకం రేపు పోస్టులో వేస్తాను. ఎలుకలకు ఏం పేరు పెడతావో మాత్రం వెంటనే రాయి.

ఇట్లు
మీ అమ్మ